సీసం వెళ్లిన వైపు

వదినా మరదళ్ళ మధ్య పేచీ ఏ వంటగదిలోనో పుడుతుందనుకుంటాం. వీళ్ళకి మాత్రం ప్రోటాన్ల దగ్గర పుట్టింది. ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో పనిచేస్తారు మరి. భూమి అడుగున పెద్ద గొట్టంలో ఒక వైపు నుంచి ప్రోటాన్లు, ఎదురుగా సీసం కేంద్రకాలు వచ్చి గుద్దుకుంటాయి. ఆ చోటికి ఎడమన ఒక పెట్టె, కుడిన ఒక పెట్టె. ఇనప రేకుల మధ్య ప్లాస్టిక్ పలకలు పేర్చి కట్టినవి. గుద్దుకున్నప్పుడు పుట్టిన తునకలు లోపలికొచ్చి ఆగిపోతే పలకలు మెరుస్తాయి. ఆ మెరుపును బట్టి ఎంత శక్తి లోపలికొచ్చిందో లెక్క కడతారు. ఎడమ పెట్టె మరదలు కట్టింది, కుడిది వదిన కట్టింది. మరదలు తన పెట్టెను కన్నబిడ్డలా చూసుకునేది. వదిన కూడా తక్కువేం తినలేదు.

సీసం ముందు ప్రోటాను పిపీలికం. కాబట్టి సీసం పోయే వైపు తునకలు ఎక్కువ రావాలి. సీసం ఎడమకి పోతోంది గనుక ఎడమ పెట్టె ఎక్కువ చూపించాలి. తీరా కొలతలన్నీ కలిపి చూస్తే రెండూ సరిసమానం!

"ఏదో ఒక పెట్టె అబద్ధమాడుతోంది," అన్నాడు పెద్దాయన. ఆ బృందానికి ఆయనే పెద్ద. "మధ్యాహ్నం మీటింగులో తేల్చేద్దాం. అనుమానమున్న పెట్టెను ఈ కొలతలోంచి తీసేస్తాం."

ఎక్కువ చూపించాల్సింది మరదలి పెట్టె, తొలి అనుమానం దానిమీదే.

"కుడిదే లేనిది ఉన్నట్టు చూపిస్తోందేమో!" అని నోరు జారింది.

వదిన పక్కనే ఉంది. ముఖం మాడ్చుకోలేదు సరికదా, నవ్వింది.

"పోనీ నీ పెట్టెకే జబ్బనుకుందాం. ఎప్పటినుంచి వచ్చిందో చూశావా?"

దెప్పిపొడిచినట్టే ఉన్నా ఆ మాట మరదల్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. నిజమే, ఎప్పటినుంచి? పలకలు మసకబారితే మెరుపు మెల్లగా తగ్గాలి. తీగ ఊడితే ఒక్కసారిగా పడిపోవాలి. తన గదిలోకి పరుగెత్తి, కొలతల్ని రోజువారీగా విడదీసింది. కాఫీ చల్లారిపోయినా పట్టించుకోలేదు.

మొదట్లో ఎడమ పెట్టె ఎక్కువే చూపించింది, ఎంత చూపించాలో అంతా! మధ్యలో ఒక రోజు ఢామ్మని పడిపోయింది. విచిత్రమేమిటంటే, అదే రోజు కుడిది అంతే పైకి లేచింది. జబ్బు చేస్తే ఒకటి పడాలిగాని, రెండోది లేవడమేమిటి? ఏదో తిరగబడింది. ఏమిటది?

మరదలు నాలుక కరుచుకుంది. ఆ రోజు నుంచి సీసాన్నీ ప్రోటాన్లనీ దారులు మార్చి పంపమని అడిగింది తనే! రెండు పెట్టెలూ వంతులవారీగా సీసం వైపు ఉంటే తన పెట్టెకి ఎవరూ వంక పెట్టలేరని ఆ పంతం. గొట్టాన్ని నడిపే యంత్రం వాళ్ళు పాపం అలాగే చేశారు. ఈ మహాతల్లి మాత్రం కొలతలన్నీ కలిపే తన ప్రోగ్రాములో ఆ సంగతి రాయడమే మరిచింది. అది ఇంకా సీసం ఎడమకే పోతోందనుకుంటోంది. సగం ఇలా, సగం అలా కలిస్తే సమానం కాక ఏమవుతుంది?

సరిదిద్ది, సీసం వైపు ఉన్నప్పుడు రెండు పెట్టెలూ చూపించిన కొలతల్ని గీతలుగా ఒకే కాగితం మీద అచ్చు తీసింది. గీత మీద గీత కూర్చుంది. ఆనందంతో మీటింగు గదికి పరుగెత్తింది.

పెద్దాయన గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"కంగారేం లేదమ్మా. మీ వదినే వచ్చి తన పెట్టె తీసేయమంది."

మరదలికి తల కొట్టేసినట్టయింది. సంగతంతా గబగబా చెప్పి, ఏ పెట్టే తీయనక్కర్లేదని ఆయన చేత అనిపించి, లోపల కూర్చున్న వదిన దగ్గరికి వెళ్ళింది.

"బంగారంలాంటి పెట్టెను ఎలా వదులుకున్నారు వదినా?"

"నీది మాత్రం ఇత్తడా? నువ్వు కడుతుంటే చూశాను కదా. నీది తీసేస్తే తిండి మానేసి కూర్చుంటావు, మా తమ్ముడు నా ప్రాణం తీస్తాడు."

"కొలతలో మొహమాటాలేమిటి! తప్పు నాది. పైగా మీ పెట్టెని అనరాని మాటన్నాను."

"తప్పే. నేనూ నా పెట్టె తీసేయమని అడగకూడదు. సరే, ఆ కాగితమిటివ్వు." వదిన కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఇందులో నీది ఏది, నాది ఏది?"

మరదలు కాగితాన్ని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెలియడం లేదు వదినా," అంది.