తక్కువన్నాం గానీ పడదనలేదు

హిందీ ఊళ్లో తెలుగువాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ పక్కనున్న చిన్న బడిలో సాయిలక్ష్మి నాలుగో తరగతికి లెక్కలు చెప్పేది. కొలతల పాఠం వానాకాలంలో వచ్చింది. పిల్లల చేత ఒక పెద్ద ప్లాస్టిక్ సీసా మెడ కోయించి, అడుగున గులకరాళ్లు వేయించి, అవి మునిగేదాకా నీళ్లు పోయించింది. అక్కడ సున్నా వచ్చేలా కాగితం స్కేలు అంటించి ఆటస్థలం గోడవార పెట్టించింది. రోజూ పొద్దున్నే ఎంత వాన పడిందో చూసి గోడ మీది పట్టీలో రాయడం పిల్లల పని. మొదట్లో నిలబడి చూసినవాడొక అంకె, గొంతుక్కూర్చున్నవాడొక అంకె చెప్పి తగువులాడుకున్నారు. కన్ను నీటిమట్టానికి సూటిగా ఉండాలని వాళ్లకు వాళ్లే తెలుసుకున్నాక ఆ గొడవ సద్దుమణిగింది.

సెప్టెంబరు చివరికి వానలు తగ్గుముఖం పట్టాయి. పది రోజుల్లో రెండు రోజులే పడింది. సాయిలక్ష్మి ఒక గుడ్డసంచిలో ఎనిమిది తెల్ల గుండీలు, రెండు ఎర్ర గుండీలు వేసి, చూడకుండా ఒకటి తీసి మళ్లీ అందులోనే వేయమంది. తెల్లదైతే ఎండ, ఎర్రదైతే వాన. ఎర్రది వచ్చినప్పుడల్లా గది దద్దరిల్లేది.

ఆ కేకలు విని హెడ్మాస్టరు మల్లేశ్వరరావు లోపలికొచ్చాడు. శనివారం ఆటల పోటీలు. టెంటు వేయించాలా వద్దా అని ఆయన తేల్చుకోలేకపోతున్నాడు.

"ఏరా, శనివారం వాన పడతాదేటి?"

"పడే ఛాన్స్ తక్కువ సార్," అన్నాడు ఉమేష్.

"అయితే పడదన్నమాట. టెంటొద్దులే!"

సాయిలక్ష్మి నోరు తెరిచేలోపే ఆయన గుమ్మం దాటేశాడు.

శనివారం పొద్దున ఎండ చుర్రుమంది. గోనెసంచుల పందెం సగంలో ఉండగా ఉర్లా ఫ్యాక్టరీల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి కుండపోతగా కురిసింది. సంచుల్లో కాళ్లున్న పిల్లలు గెంతుకుంటూనే వరండా చేరారు. బహుమతుల స్టీలు గిన్నెలు చంకన పెట్టుకుని మల్లేశ్వరరావు తడిసి ముద్దయి వచ్చాడు.

"ఏటమ్మా టీచరుగారూ, మీ పిల్లలు పడదన్నారు గదా! ఇదేటి మరి?"

సాయిలక్ష్మి ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాదైనా కాలేదు. ఆమె క్షమించమని అడగబోతుంటే, జడల్లోంచి నీళ్లు కారుతున్న చాందిని ముందుకొచ్చింది.

"సార్, తక్కువన్నాం గానీ పడదనలేదు సార్. జీరో అలగ్, తక్కువ అలగ్."

"రెండూ ఒకటే కాదేటే?"

ఈలోగా ఉమేష్ లోపలికి పరుగెత్తి గుడ్డసంచి తెచ్చాడు. "ఎర్రది వస్తే వాన సార్. చూడకుండా తియ్యండి."

మల్లేశ్వరరావు గిన్నెలు కింద పెట్టి చెయ్యి పెట్టాడు. తెల్లది. మళ్లీ తెల్లదే. ఆయనకు పంతం పట్టింది. ఎన్నిసార్లు తీసినా తెల్లదే వస్తుంటే సంచి మూతి విప్పి తొంగిచూడబోయాడు.

"అసలు ఎర్రదుందా ఇందులో?"

"చీటింగ్ సార్! చూడకూడదు!" అని పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు.

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని ఇంకోటి తీశాడు. ఎర్రది.

"వచ్చీసింది!" అని పిల్లల కంటే గట్టిగా కేకేసి, తన కేకకు తానే సిగ్గుపడి నవ్వేశాడు. "తక్కువే గానీ, వస్తాదన్నమాట!"

సాయిలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. "ఆ రోజే మీ చేత తీయించాల్సింది సార్," అంది.

వాన తెరిపివ్వగానే పిల్లలు సీసా దగ్గరికి పరుగెత్తారు. వాళ్ల వెనకే మల్లేశ్వరరావు వెళ్లి వంగి చూశాడు. "ముప్పై!"

"ఇంకా కిందికి రండి సార్," అంది చాందిని. ఆయన ప్యాంటు పైకి లాక్కుని బురదలో గొంతుక్కూర్చున్నాడు. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు.

ఇంటికి వెళ్తామని ఒక్కరూ అనలేదు. పోటీలు బురదలోనే సాగాయి. టీచర్ల నిమ్మకాయ చెంచా పందెంలో సాయిలక్ష్మి కొంగు బొడ్లో దోపుకుని దూసుకుపోయింది. నిమ్మకాయ దారిలోనే పడిపోయింది, చెంచా మాత్రం అందరికంటే ముందు గీత దాటింది. అది గెలుపు కిందికి వస్తుందా రాదా అని పిల్లలు, హెడ్మాస్టరు చాలాసేపు వాదించుకున్నారు.