నూట ఇరవై దగ్గర దించెయ్

“నూట ఇరవై దగ్గర దించెయ్యాలి. ఎప్పట్లా ఆలస్యం చేసేవంటే ఊరుకోను. మసిగుడ్డ దగ్గర పెట్టుకో,” అన్నాడు వేంకటరమణమూర్తి, థర్మామీటరుని కండువాతో తుడుస్తూ.

సుందరి మసిగుడ్డ మడిచి బొడ్లో దోపుకుంది. వెతకడానికి వీల్లేనంత దగ్గరగా.

డెబ్బైమూడులో చోడవరం మొత్తానికి చాక్లెట్ వాసన వచ్చే వంటిల్లు అదొక్కటే. పాలు, పంచదార, వెన్న, కోకో పొడి కలిపి ముదురుగా కాచి, వేయించిన జీడిపప్పు పలుకులు వేసి, పళ్ళెంలో పోసి కోసే బిళ్ళలు. వంటింటి గుమ్మం దగ్గర పీట మీద మహిళా మండలి ప్రెసిడెంటు దుర్గాంబ కూర్చుని ఉంది. ఒకటో తారీఖు నుంచి ఇరవైమంది ఆడపిల్లలకి ఈ బిళ్ళలు నేర్పే టీచరు ఎవరో ఈ మధ్యాహ్నమే తేల్చి, ఒళ్ళో ఉన్న కాగితం మీద పేరు రాసుకుని పోవాలి.

ఆ పేరు మూర్తి ముందే రాసి ఇచ్చేడు. ‘తయారీ: వేంకటరమణమూర్తి, బి.ఎస్సీ. సహాయం: శ్రీమతి.’ మొన్న బిళ్ళలకి కాగితాలు కత్తిరిస్తూ ఆ చిత్తు ప్రతి చూసింది సుందరి. లక్ష్మీసుందరి అన్న ఐదక్షరాలకి చోటు చాలలేదు కాబోలు. మూర్తి పంచదార ఫ్యాక్టరీలో కెమిస్టు. డిగ్రీ ఉన్నది ఆయనకే, డిగ్రీలు కొలిచేదీ ఆయనే. పంచదారలో దార అంటే భార్య అని సంస్కృతం వచ్చినవాళ్ళు అంటారు గానీ, ఆ ఇంట్లో దారకి పంచిందేమీ లేదు. పాకం పేరుకునేది ఆవిడ చేతిలో, పేరొచ్చేది ఆయనకి.

స్టౌ బుసకొడుతోంది. మూకుడులో పాకం తుకతుకమంటోంది.

“నూట ఎనిమిది,” అన్నాడు మూర్తి, గొంతు సవరించుకుని. “చూసేరా దుర్గాంబగారూ, ఇదంతా సైన్సండి. ఆడవాళ్ళు అంచనాల మీద చేస్తారు. మా ఫ్యాక్టరీలో ఇలాగే చేస్తే ఊరంతా బెల్లం ముద్దయిపోను.”

ఫ్యాక్టరీలో పాకం కాచే పాన్లు మనిషి మునిగేంత లోతు. ఈ మూకుడులో పాకం రెండంగుళాలు. థర్మామీటరు ముక్కు అడుగుకి తగిలి కూర్చుంటుంది. అది చెప్పేది ఇనుము వేడి, పాకం వేడి కాదు. ఈ సంగతి సుందరికి మొదటి వాయికే తెలిసిపోయింది. చెప్పింది కూడా. “నువ్వు నాకు కెమిస్ట్రీ చెప్తావే?” అన్నాడాయన. అత్తగారు పక్క గదిలోంచి, “పుట్టింట్లో పంచదార మొహం చూసేవేటే ఎప్పుడైనా?” అంది. అప్పటినుంచి సుందరి చెప్పడం మానేసింది, చెయ్యడం మానలేదు. ఆయన నూట ఇరవై అనగానే మసిగుడ్డ కనపడదు. మసిగుడ్డ దొరికేసరికి పళ్ళేనికి నెయ్యి రాయడం మరిచిపోయి ఉంటుంది. నెయ్యి రాసేసరికి కొంగు పీటకి పట్టుకుంటుంది. ఆ నాలుగు నిమిషాల్లో బుడగలు చిన్నవై, చప్పుడు బరువెక్కి, వాసన పచ్చిదనం పోయి కమ్మబడుతుంది. అప్పుడు దించుతుంది. “ఎంత బద్ధకమే నీకు, నా లెక్క బాగుండబట్టి సరిపోయింది,” అని ఆయన తిడతాడు, బిళ్ళ నోట్లో వేసుకుంటాడు. రెండేళ్ళుగా ప్రతి వాయికీ ఒక తిట్టు. తిట్లు తింటే గానీ తినడానికి బిళ్ళ లేదు.

“నూట పదిహేడు.”

బుడగలు ఇంకా పెద్దవి. ఉండపాకం కాదు, ఇప్పుడే తీగ సాగుతోంది. ఇది పాడైతే క్లాసే ఉండకపోవచ్చు. బాగా వస్తే ఆ కాగితం మీద తను ఎప్పటికీ సహాయం. సుందరి గుమ్మం వైపు చూసింది. దుర్గాంబ మూకుడుని చూడటం లేదు, సుందరి వేళ్ళ కొసల్ని చూస్తోంది. అక్కడ కాలిన పాత మచ్చలు.

“నూట ఇరవై. దించెయ్.”

సుందరి చెయ్యి అలవాటు కొద్దీ ఆగింది. ఒక్క క్షణం. బొడ్లోంచి మసిగుడ్డ లాగింది, దించేసింది. జీడిపప్పు కలిపింది, నెయ్యి రాసి ఉన్న పళ్ళెంలో పోసింది. మూర్తికే ఆశ్చర్యమేసింది.

“ఇవాళ చెప్పిన మాట చెప్పినట్టు విన్నావు. అలా ఉండాలి.”

కాసేపు ఫ్యాక్టరీ కబుర్లు చెప్పేడు. మళ్ళీ కాసేపు చెప్పేడు. మూడోసారికి కబుర్లు చల్లబడ్డాయి. పళ్ళెంలో పాకమూ చల్లబడింది, గట్టిపడలేదు. కత్తి పెట్టి గీత గీస్తే ఆ గీత మెల్లగా మూసుకుపోయింది. మూర్తి ఒక ముక్క ఎత్తబోతే అది తీగలా సాగి చొక్కా గుండీకి అంటుకుంది.

“ఏం చేసేవే?”

సుందరి పళ్ళెంలోది గరిటెతో గోకి మళ్ళీ మూకుడులో వేసింది.

“నేను చూస్తనే ఉన్నాను గదమ్మా,” అంది దుర్గాంబ. “మీ ఆయన ఎలా చెప్పేడో అలాగే చేసేవు. ఇన్నాళ్ళూ రాయిలా కుదిరినవి ఇవేళ ఏటయ్యాయి?”

సుందరి స్టౌకి పంపు కొట్టింది. థర్మామీటరు తీసి మూర్తి చేతికిచ్చింది. గ్లాసుతో చల్లనీళ్ళు తెచ్చి, పాకం చుక్క వేసి చూడటానికి దుర్గాంబ అందుకునేలా పెట్టింది. మసిగుడ్డ మళ్ళీ బొడ్లో దోపుకుంటూ అంది:

“ఇన్నాళ్ళూ ఈయన మాట వినలేదండీ. ఇవేళే విన్నాను.”