మొదటి వరుస

“ఇవాళ లెక్కలో ఎవరో ఒకరు తగ్గుతారేమోనని నా భయం” అంది ఆమె, కంప్యూటరు ఇంకా పూర్తిగా తెరుచుకోకముందే.

చెవుల సిస్టరు హెడ్‌ఫోన్‌ను దూదితో తుడుస్తోంది. తలెత్తలేదు. “నిన్న ఫ్యాను ఊడి పడుతుందన్నావు అక్కా. పడిందా?”

“పడలేదు కాబట్టే భయం. పడిపోయి ఉంటే ఒక గొడవ వదిలేది.”

“నీతో పెట్టుకోలేం తల్లీ” అని సిస్టరు చప్పుడు చొరకుండా నురగ అట్టలు కొట్టిన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మిల్లు గేటుకు ఎదురుగా, మందుల షాపు పైన రెండు గదులే ఆ ఆఫీసు. ఒక గదిలో మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళ చెవులు పరీక్షిస్తారు. రెండో గదిలో ఆమె కూర్చుంటుంది. కాగితం ఫారాల మీద ఉన్నదంతా షీటులోకి కొడుతుంది. గురువారం గురువారం ఆ షీటును ఈ పరీక్షల రిపోర్టు కట్టే లెక్కల సారు వాడే సాఫ్ట్‌వేరులోకి ఎక్కిస్తుంది. అందుకని అందరికీ ‘ఎక్కింపు అక్క’ అయింది. యాభై మూడేళ్ళు. చదువు పదో తరగతితో ఆగింది. కుడి మణికట్టుకు గుడ్డపట్టీ, మెడలో నల్లతాడుకు వేలాడే కళ్ళద్దాలు, కుర్చీలో ఇంటి నుంచి తెచ్చుకున్న చదునైపోయిన దిండు. కీబోర్డు పక్కన అట్టముక్క ఒకటి ఉంది. దాని మీద ఎక్కించే పనికి తొమ్మిది మెట్లు తన చేత్తో రాసుకుంది. అన్నీ కంఠతా వచ్చు. అయినా ప్రతిసారీ ఒక్కో మెట్టు మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకునే చేస్తుంది. ఒకటి మరిచిందంటే మిల్లులో సగం మంది చెవులు గాలిలో కలిసిపోతాయన్నట్టు ఉంటుంది ఆమె వాలకం.

పొద్దున కొడుకును, ఆ మిల్లులోనే మగ్గం నడిపే చిన్నోడిని, మూడుసార్లు పిలిచింది. అన్నం డబ్బా మరిచిపోయి మెట్లు దిగిపోతున్నాడు. మూడోసారి పిలిచిన పిలుపుకు కింది వాటాలో కుక్క మొరిగింది గాని వాడు తిరగలేదు. చెప్పులు లేకుండా పరిగెత్తి డబ్బా చేతిలో పెట్టింది. తీసుకున్నాడు, మొహం చూడకుండానే. ఏడాదిగా ఇదే. పిలిస్తే పలకడు. ఏదైనా అడుగుతుంటే సగంలో లేచి వెళ్ళిపోతాడు.

చెవుల పరీక్షలు మొదలైనప్పుడు అందరికంటే ముందు వాడిని నిలబెట్టింది ఆమే. మొదటి రోజైతే మిషను కొత్తగా ఉంటుంది, సిస్టరుకు ఓపిక ఉంటుంది, తర్వాత ఏమవుతుందో ఎవరికి తెలుసు అనుకుంది. వాడికి ఒకటో నంబరు టోకెను వచ్చింది. ఆ రోజు ఫారాలు సిస్టరే కొట్టింది, పని నేర్పడానికి. ఎవరి అంకెలూ బయటికి చెప్పకూడదని సిస్టరుకు నియమం. వాడి అంకెలు చూడాలంటే షీటులో పైకి వెళితే చాలు. ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. చూడకపోతే అవి ఇంకా మంచివే కావచ్చు.

ఆ తర్వాత రెండు విడతలుగా ఉత్తరాలు వచ్చాయి. చెవి దెబ్బతిన్నవాళ్ళను మగ్గాల నుంచి తప్పించి, చప్పుడు లేని మడతల గదికి మార్చాలని వాటి సారాంశం. చిన్నోడికి రాలేదు.

“రాలేదుగా?” అన్నాడు వాడు ఆ రోజు. “ఇంక నా చెవుల ఊసెత్తకు. మడతల గదిలో ముసలాళ్ళ పక్కన కూర్చుని దుప్పట్లు మడవనా? నన్ను మగ్గం మీంచి దించిన రోజే ఈ ఇల్లూ దిగిపోతా.”

తొమ్మిదేళ్ళలో వాడి మగ్గం మీద నుంచి వచ్చిన గుడ్డకు ఒక్కరూ వంక పెట్టలేదు. వాడి దగ్గర చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

ఉత్తరం రాలేదంటే చెవులు బాగున్నట్టే. చెవులు బాగున్నాయంటే, పలకనిది తన మీద కోపంతోనే. ఈ లెక్క తేలిన సాయంత్రం ఆమె ఏడవలేదు. ఆరేసిన బట్టలు తీసి మడత పెట్టింది. లోపల ఏదో మొద్దుబారిపోయింది. ఎక్కువసేపు మడిచి కూర్చున్నాక లేస్తే కాలు మనది కానట్టు ఉంటుందే, అలా.

ఇవాళ ఆఖరి విడత. నాలుగు గంటలకు జాబితా మిల్లుకు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఇంకెవరినీ కలపరు. అందుకని లెక్కల సారు కొత్తగా ఒక కాగితం ఇచ్చాడు. షీటులో ఎంతమంది, సాఫ్ట్‌వేరులో ఎంతమంది, రెండూ రాసి ఆమె సంతకం పెట్టాలి. ఇన్నాళ్ళలో ఆమెను సంతకం అడిగింది ఇదే మొదలు.

తొమ్మిది మెట్లూ పూర్తి చేసింది. షీటులో ఆఖరి వరుస రెండు వందల పన్నెండు. సాఫ్ట్‌వేరు అడుగున చూసింది. రెండు వందల పదకొండు.

“చూశావా!” అంది పైకి, ఎవరూ లేని గదితో.

మళ్ళీ ఎక్కించింది. పదకొండే. కంప్యూటరు ఆపి, పెట్టి, మళ్ళీ ఎక్కించింది. పదకొండే. అరచేతులు చీరకు తుడుచుకుంది. ఇక ఒక్కో టోకెనూ సరిపోల్చి చూడాల్సిందే. పై నుంచి మొదలుపెట్టే ధైర్యం లేక అడుగు నుంచి మొదలుపెట్టింది. స్కేలు ఒకటి తెరకు అడ్డంగా పట్టుకుని, ఇటు రెండు వందల పన్నెండు, అటు రెండు వందల పన్నెండు, ఇటు పదకొండు, అటు పదకొండు. గంట దాటింది. తెచ్చి పెట్టిన టీ మీద తెట్టు కట్టింది. పది దాకా వచ్చాక వేలు నెమ్మదించింది. అయిదు ఉంది. మూడు ఉంది. రెండు ఉంది.

సాఫ్ట్‌వేరులో రెండో టోకెనుకు పైన మనిషి లేడు. కాలమ్‌ల పేర్లు ఉండాల్సిన చోట అంకెలు ఉన్నాయి.

ఆ అంకెల్ని ఆమె ప్రతి గురువారం చూసింది. అది ఆ సాఫ్ట్‌వేరు భాషేమో అనుకుంది. సారు వచ్చి వాటిని చెరిపేసి, వాటి చోట కాలమ్‌లకు తానే పేర్లు కొట్టుకునేవాడు. ఇప్పుడు అట్టముక్క వంక చూసింది. ఏడో మెట్టు: ‘మొదటి వరుసలో పేర్లు ఉన్నాయి’ దగ్గర టిక్కు పెట్టు.

మొట్టమొదటిసారి ఎక్కించినప్పుడు షీటు పైవరుసలో కాలమ్‌ల పేర్లు తెలుగులో ఉండేవి: టోకెను, వయసు, కుడి చెవి, అలా. అవి అటు వెళ్ళేసరికి డబ్బాలు డబ్బాలుగా కనబడ్డాయి. “ఆ తలకాయల వరుస తీసి పారేయండి, నేను పెట్టుకుంటా” అన్నాడు సారు. తీసేసింది. టిక్కు ఉన్నంతకాలం సాఫ్ట్‌వేరు పైవరుసను పేర్లుగానే తీసుకుంటుందని, మనిషిగా లెక్కపెట్టదని, దాన్ని తీయాలని ఎవరూ చెప్పలేదు. ఆమె అట్టముక్కను నమ్మింది. తలలు పోయిన షీటులో మొదటి మనిషే తలల వరుస అయిపోయాడు. ఇన్ని వారాలుగా.

కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. టోకెను ఒకటి. వయసు ఇరవై ఏడు. కుడి చెవి అరవై. ఎడమ చెవి అరవై అయిదు. నలభై దాటితే ఉత్తరం పంపుతారు. అంకె ఎంత పెద్దదైతే చెవి అంత మొద్దు.

పక్క కాలమ్ ఫారంలోని పదకొండో ప్రశ్న. ‘పిలిస్తే పలకడం లేదని ఇంట్లో అంటున్నారా?’ ఒకటి అంటే అవును. వాడు ఒకటి చెప్పాడు.

దాని పక్కది పన్నెండో ప్రశ్న. ‘ఎదుటివాళ్ళ మాట వినపడనప్పుడు ఏం చేస్తారు?’ ఒకటి, మళ్ళీ అడుగుతాను. రెండు, విన్నట్టు తల ఊపుతాను. మూడు, అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను.

మూడు.

 కింద మందుల షాపులో ఎవరో చిల్లర లేదని గొడవపడుతున్నారు. కాగితం దగ్గరికి లాక్కుంది. రెండు చోట్లా పదకొండే రాసి సంతకం పెడితే అయిపోతుంది. అడిగేవాళ్ళు లేరు. చిన్నోడు మగ్గం మీదే ఉంటాడు, ఇంట్లోనే ఉంటాడు. వాడు కోరుకుంటున్నదీ అదే. కలం మూత తీసింది. రెండు, ఒకటి అని రాసింది. మూడో అంకె దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇల్లు దిగిపోతానన్నవాడు ఏడాదిగా రోజూ దిగిపోతూనే ఉన్నాడు కదా, ఈ గదిలోంచి ఆ గదిలోకి. మిగిలిన కాస్త వినికిడీ ఆ మగ్గాల హోరులో పోతే, రేపు బండి హారన్ కొట్టినా వినపడదు. రోడ్డు మధ్యలో వాడు నిలబడి ఉన్నట్టు కళ్ళకు కట్టింది. ఆమెకు ఎప్పుడూ అలాంటివే కనపడతాయి.

లెక్కల సారు మూడింటికి వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే మాట్లాడతాడు.

“సార్, ఒకరు తగ్గారు.”

“ఎక్కడ?”

చూపించింది. టిక్కు గురించి, తలకాయల వరుస గురించి చెప్పింది.  అతను వంగి చూసి, నాలుక కరుచుకుని, వాచీ చూసుకున్నాడు.

“రిపోర్టంతా కట్టేశానండీ. రెండు వందల మందిలో ఒక్కరు. సగటులో చుక్క కూడా మారదు.”

ఆమె ఇన్ని వారాల్లో అతనికి ‘సరే సార్’ తప్ప వేరే మాట చెప్పింది లేదు.

“ఉత్తరాలు సగటు పేరున రావు కదా సార్.”

అతను తిరిగి చూశాడు. “మీకు తెలిసినవాళ్ళా?”

“మా చిన్నోడు.”

సారు బ్యాగు దించి కుర్చీ లాక్కున్నాడు. “ఆ వరుస తీయమన్నది నేనే. టిక్కు తీసి ఎక్కించండి. నేను కూర్చుంటా” అన్నాడు.

ఆమె టిక్కు తీసింది. రెండు వందల పన్నెండు. మొదటి వరుసలో వాడు వచ్చి కూర్చున్నాడు, పేరు లేకుండా, ఆరు అంకెలుగా. సగంలో ఆపిన కాగితం దగ్గరికి లాక్కుంది. రెండు చోట్లా రెండు వందల పన్నెండే రాసి, సంతకం పెట్టింది.  నాలుగింటికి జాబితాతో పాటు ఉత్తరాలు తీసుకుని సిస్టరు రోడ్డు దాటింది.

“అక్కా, మీవాడి చేతికి నేనే ఇస్తాలే. ఏమన్నా అంటే నాలుగు తగిలిస్తా” అంది వెళుతూ.

“నాలుగు తగిలించు. తిట్టకు మాత్రం, వినపడదు.”

తానే జోకు వేశానని ఆమెకు మెట్ల దగ్గర గానీ తెలియలేదు.

చిన్నోడు అయిదున్నరకు వచ్చాడు. జుట్టులో, కనుబొమల్లో దూది నలుసులు. చేతిలో ఉత్తరం. బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. బీరువా తలుపు చప్పుడు, సంచీ జిప్పు చప్పుడు వినిపించాయి. ఆమె గుమ్మంలో నిలబడింది. రెండు చొక్కాలు, తువ్వాలు, ఛార్జరు సర్దుకుని బయటికి వచ్చాడు.

“ఎక్కడికిరా?”

వాడు చెప్పులు తొడుక్కుంటున్నాడు. వెనక నుంచి అడిగిందని ఆమెకు అప్పుడు తట్టింది. ముందుకు వచ్చేలోపే మెట్లు దిగాడు. ఆమె పిలవలేదు. పిలిచి ఏం లాభం? కిటికీలోంచి చూస్తే మిల్లు వెనక వీధి వైపు తిరిగాడు. అక్కడ వాడి జోడీదారుడి గది ఉంది.

దీపం వేసింది. బల్ల మీద ఉత్తరం ఎగిరిపోకుండా వాడు దాని మీద ఇనుప కొక్కెం పెట్టాడు. మగ్గంలో తెగిన పోగును పట్టి లాగే కొక్కెం అది. పట్టుకుని పట్టుకుని కర్రపిడి మీద వేళ్ళ గుంటలు పడ్డాయి. మడతల గదిలో దాంతో పనిలేదు.

ఆమె ఫోను తీసింది. వాడి నంబరు మీద వేలు పెట్టబోయి, ఆపి, మాటలు కొట్టే చోటుకు వెళ్ళింది. ‘ఆ గదిలో కరెంటు తీగలు బయటికి ఉంటాయి, జాగ్రత్త’ అని కొట్టింది. చెరిపింది. ‘నాది తప్పే’ అని కొట్టింది. చెరిపింది. ‘నువ్వు కోపంతో పలకడం లేదనుకున్నాను’ అని సగం దాకా కొట్టి, కళ్ళు మసకలై అక్షరాలు కలిసిపోతే అదీ చెరిపింది. చివరికి ఒక్క మాట పంపింది.

‘చిన్నోడా’

చూసినట్టు గీతలు పడ్డాయి. తర్వాత ఏమీ లేదు. పక్క వాటాలో పిల్లలకు స్నానాలు అయ్యాయి. వీధి దీపాలు వెలిగాయి. రెండో షిఫ్టు కూత కూసింది. ఆమె కూర్చున్న చోటి నుంచి లేవలేదు. ఎదురుగా కొక్కెం, దాని కింద ఉత్తరం. గాలికి ఉత్తరం అంచు లేచి, మళ్ళీ పడుతోంది.

కొక్కెం పక్కన ఫోను వెలిగింది.

‘ఆఁ’ అని ఉంది. దాని కింద, కాసేపటికి, ‘చెప్పమ్మా.’