బర్రె గుంజకు బొట్టు

గోపన్‌పల్లి పాతవీధి చరిత్ర ఎవరైనా రాస్తారేమోనని చాలాకాలం చూశాను. రాయరు. ఒకవేళ రాసినా అందులో పటేలు పేరు ఉంటుంది గాని కిష్టమ్మ పేరు ఉండదు. నాకు అదే ఒళ్లుమంట. అందుకే నేనే చెబుతున్నాను.

డెబ్భై అయిదులో మేము ఆ వీధికి కాపురం వెళ్లాం. మావారు విశ్వేశ్వరరావు రోడ్ల శాఖలో ఓవర్సీరు. ఊరవతల యూనివర్సిటీ కడుతున్నారు, లారీలు పోవడానికి పాతవీధిని వెడల్పు చేయాలి. ఆ పని ఈయన నెత్తిన పడింది. ఏలూరులో మండువా ఇంట్లో పెరిగిన నేను కిష్టమ్మ చాయ్ హోటలు వెనక ఒంటిగదిలో కిరాయికి దిగాను. కొన్నాళ్లు రోజూ ఏడ్చాను. తర్వాత కిష్టమ్మ చాయ్ అలవాటై ఏడుపు మానేశాను.

వీధిలో చూడదగ్గవి లేకపోలేదు. మొదట్లో ఒక కమాను ఉండేది. సగం కూలిపోగా మిగిలిన సగం మీద మేకలు ఎక్కి నిలబడేవి. ఎవరో జాగీర్దారు తవ్వించాడనే మెట్లబావి ఉండేది. అందులో నీళ్లకంటే కథలెక్కువ. దాని పక్కన మొహర్రం పీర్లను ఉంచే పీర్ల కొట్టం, ఆ తర్వాత కిష్టమ్మ హోటలు. హోటలుకు సరిగ్గా ఎదురుగా పటేలు రామచంద్రం ఇల్లు, వీధిలోకి ముందుకు తోసుకొచ్చిన దాని వరండా. పొద్దునా సాయంత్రం ఆ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆయన ఊరందరికీ నీతులు చెప్పేవాడు.

కనపడనిది ఒక్కటే, బొడ్రాయి. అక్కడి ఊళ్లలో నడివీధిలో ఆ రాయి ఉంటుంది. ఊరు పుట్టిన్నాడు పాతుతారట. మనిషికి బొడ్డు ఎలాగో ఊరికి అది అలాగ. కొత్త కోడళ్లు దానికి నీళ్లు పోయాలి. కదిపితే ఊరికి చేటని నమ్మకం. ఇక్కడ అదెక్కడుందని అడిగితే ఆడవాళ్లు పటేలు ఇంటివైపు చూసి మాట మార్చేవారు. చివరికి కిష్టమ్మే చెప్పింది.

"పటేలు వరండా కట్టిన్నాడు బొడ్రాయి లోపలికి పోయింది. మొదాల నీళ్లు పొయ్యనిచ్చిండు. తర్వాత గచ్చు ఖరాబైతుందన్నడు. ఆఖరుకు మీదికెల్లి షాబాదు బండలు పరిపిచ్చిండు. పటేలును ఎవరడుగుతరు?"

రోడ్డు వెడల్పులో అలాంటి మనిషి ఇంటికి ఏమీ కాలేదు. రేకుల కప్పు పడగొట్టడం తేలికని మావారు సున్నం గీత కిష్టమ్మ వైపు గీశారు. ఆ గీత లెక్కన పొయ్యి, బెంచీలు అన్నీ రోడ్డులోకి పోతాయి. కిష్టమ్మకు మొగుడు లేడు, పొలం లేదు. ఆ పొయ్యి ఆరితే ఆమె బతుకే ఆరిపోతుంది. ఆ పూట నేను కూరలో ఉప్పు వేయలేదు. ఈయన అలాగే తిన్నారు గాని గీత మాత్రం చెరపలేదు.

మర్నాడు మధ్యాహ్నం వీధంతా చేలకు పోయిన వేళ కిష్టమ్మ నా గడపలో నిలబడింది.

"భ్రమరాంబమ్మా, జర పసుపుంటే ఇయ్యి."

"ఎంత కావాలి?"

"గుంజకు సరిపోయేంత."

హోటలు ముందు ఆమె బర్రెను కట్టేసే రాతిగుంజ ఉంది. బర్రెను ఎప్పుడో అమ్మేసింది, గుంజ మిగిలింది. నాకు విషయం అర్థమైంది. పసుపు ఇచ్చాను. కుంకుమ కూడా ఇచ్చాను. ఆమె పెట్టిన బొట్లు వంకరగా ఉన్నాయని తుడిచి నా చేత్తోనే పెట్టాను. మొగుడి ఉద్యోగానికి అడ్డుపడుతున్నానన్న ఆలోచన రాకపోలేదు. వచ్చి వెళ్లిపోయింది.

సాయంత్రం ఈయన కూలీలను వెంటబెట్టుకుని వచ్చేసరికి కిష్టమ్మ తలమీద కొంగు కప్పుకుని గుంజకు నీళ్లు పోస్తోంది.

"చెప్పులిడువు సారూ. గిది ఊరి బొడ్రాయి. దీన్ని తీస్తే ఊరికేమైతదో నాకు తెల్వదు గని తీసినోనికి ఏమైతదో తెల్సు."

"ఏమవుతుందండీ?"

"నా నోటితోని ఎందుకనిపిస్తవు? కొత్తగ కాపురం పెట్టినవు."

మావారికి దైవభీతి జాస్తి. చెప్పులు విడిచి గుంజ చుట్టూ ప్రదక్షిణం చేశారు. కూలీలు ఆ ఊరివాళ్లే. తలలు దించుకుని నిలబడ్డారు గాని వాళ్ల భుజాలు కదులుతున్నాయి. ఈయన ఆ భక్తిలో చెప్పులు అక్కడే మర్చిపోయి వట్టి కాళ్లతో ఇంటికొచ్చారు.

తెల్లారేసరికి సున్నం గీత వీధి దాటింది. ఇప్పుడది పటేలు వరండాను, దాని వెనకున్న వడ్ల గదిని కూడా కోసేసింది. పటేలు మా గదికి ఉరుకుల మీద వచ్చాడు.

"అది బర్రె గుంజ సార్. నిన్ను పాగల్ చేసింది ఆమె."

"ఇల్లు పోతోందని మీరలా అంటున్నారనుకుంటారండీ జనం. ఊళ్లో అబద్ధమాడని మనిషి ఎవరైనా ఉంటే తీసుకురండి. వాళ్లు చెబితే గీత మార్చేస్తాను."

పటేలు ఏమాత్రం ఆలోచించకుండా చంద్రమ్మను పట్టుకొచ్చాడు. ఊళ్లోకెల్లా పెద్దది చంద్రమ్మ. ఎవరికోసమూ అబద్ధమాడదని పేరు. కర్ర ఊతంగా నడిచి వస్తున్న ఆమెను చూసి కిష్టమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ముసల్ది ఉన్నదున్నట్టు చెప్తది, భ్రమరాంబమ్మా. నా పొయ్యి పోయినట్టే."

వీధి జనమంతా పోగయ్యారు. పటేలు గొంతు పెంచాడు.

"చెప్పు పెద్దమ్మా, గిది బొడ్రాయేనా?"

చంద్రమ్మ వంగి గుంజను తడిమింది.

"గిది కిష్టమ్మ బర్రెను కట్టేసే గుంజ. దీనికెందుకు పసుపు పూసిన్రు?"

జనం పగలబడి నవ్వారు. మావారు తన వట్టి కాళ్ల వైపు చూసుకున్నారు, తర్వాత నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

"విన్నవా సార్. ఇగ గీత అటే గియ్యి," అన్నాడు పటేలు. అప్పుడే ముసలమ్మను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయి ఉంటే ఆయన గెలిచేవాడు. గెలిచానన్న సంబరంలో ఆ సంగతి మరిచాడు. చంద్రమ్మ మాట ఇంకా అయిపోలేదు.

"బొడ్రాయి గిక్కడెందుకుంటది," అంటూ ఆమె వెనక్కి తిరిగింది. మెల్లగా వీధి దాటి పటేలు వరండా ఎక్కి, ఆయన కుర్చీ పక్కన బండను కర్రతో కొట్టింది.

"గీడున్నది. నా పెండ్లినాడు నీళ్లు పోసిన. మల్ల పోద్దమంటె నువ్వు బండలేస్తివి కొడుకా. సచ్చేలోపల ఒక్క చెంబెడన్న పోస్తనో పొయ్యనో అని రోజు అనుకుంట."

నవ్వులు ఆగిపోయాయి. అంతవరకు నాకు ఇదంతా తమాషాగానే ఉంది. ఆ మాట విన్నాక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇళ్లలోంచి ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చి నిలబడ్డారు.

"నిజమేనాండీ పటేలుగారూ?" అని అడిగారు మావారు.

కాదంటే, అబద్ధమాడదని తానే తెచ్చిన మనిషి అబద్ధమాడినట్టు. అప్పుడు గుంజ గురించి ఆమె చెప్పిందీ చెల్లదు, గీత మారదు, వడ్ల గది రోడ్డులో కలుస్తుంది. ఔనంటే గది దక్కుతుంది, వరండా పోతుంది. పటేలు చాలాసేపు చంద్రమ్మ కర్ర వైపే చూశాడు.

"ఔను," అన్నాడు.

"అయితే వరండా తీసేద్దాం. ఇక ఆ గుంజను తప్పించనక్కర్లేదు కాబట్టి కావలసిన వెడల్పు దాంతోనే వస్తుంది. రాయికి అటూ ఇటూ బండ్లు తిరిగేటట్టు రోడ్డు వేస్తాను. మీ గది జోలికీ రాను, ఆవిడ పొయ్యి జోలికీ రాను."

కూలీలకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. బండలు లేచాక మూరెడు నల్లరాయి బయటపడింది. చంద్రమ్మ మొదటి చెంబు పోసింది. తర్వాత ఊళ్లో ఆడవాళ్లంతా పోశారు. వీధి బురదైపోయింది.

ఇంటికొచ్చాక మావారు అడిగారు, "నీకు ముందే తెలుసా?"

"మీరు అడగలేదు కదండీ," అన్నాను.

మర్నాడు పొద్దున్న కిష్టమ్మ పొయ్యి రాజేసి, పటేలు ఎదురుపడితే ఏమేం అనాలో నాకు వరసగా వినిపిస్తోంది. కొన్ని నేను రాయలేను. అంతలో ఆయనే వీధి దాటి వచ్చాడు. కుర్చీ వేసుకోవడానికి చోటు లేని మనిషి కాసేపు అటూ ఇటూ చూసి, పుట్టాక మొదటిసారి ఆమె హోటలు బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా రాయి తడితడిగా ఉంది.

"ఇన్నేండ్లు దాని మీద్నే కూసున్న," అన్నాడు, ఎవరితోనో తెలియదు. "ఒక్కనాడన్న చూడలే."

కిష్టమ్మ గ్లాసు కడిగింది. చాయ్ పోసి చేతికిచ్చింది. ఆయన చివరి చుక్క వరకు తాగి, కాళ్లు బార్లా చాపి, బెంచీకి వెనక్కి ఆనుకున్నాడు.

"మంచిగున్నది కిష్టమ్మా. గీడ కూసుంటే వీధంత కనవడుతది. ఇగ రోజు వస్త, పొద్దుగాల, మాపటికి. పంచాయితీలు గూడ గీన్నే వెట్టుకుంట."

కిష్టమ్మ మెల్లగా నా పక్కకొచ్చి చెవిలో అంది.

"సారును జర అడుగు, భ్రమరాంబమ్మా. రోడ్డును గీ బెంచీ దాంక తేరాదా అని."