మోత్ర అవ్వ అన్న మాట

సూమీ పట్నంలో బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పే జోర్యానా, సరిహద్దు పల్లెల ముసలివాళ్ళు చెప్పుకున్న యుద్ధకాలపు సంగతులను ఇంగ్లీషులోకి మారుస్తోంది. పుస్తకం లండన్‌లో అచ్చవుతుంది. మొత్తం పదకొండు మంది. అందరి నోటా వాళ్ళ భాషలోని ఒకటే క్రియ: త్రిమాతి, అంటే పట్టుకోవడం. చెయ్యి పట్టుకున్నా అదే, ఆవును సాకినా అదే, ఉపవాసం ఉన్నా, మాట నిలబెట్టుకున్నా, నోరు కట్టేసుకున్నా అదే. ఇంగ్లీషులో ఒక్కో చోట ఒక్కో మాట వెతుక్కోవలసి వచ్చింది. అంతవరకు పేచీ లేదు.

పేచీ మోత్ర అవ్వ దగ్గర వచ్చింది. గుండు పడి పశువుల కొట్టం సగం కూలినా ఊరు విడవని మనిషి. ఎలా ఉన్నారని అడిగితే "త్రిమాయెమోస్య" అంది, పట్టు వదల్లేదని. జోర్యానా దాన్ని "పట్టుకుని ఉన్నాం" అనే అర్థం వచ్చేలా రెండే ఇంగ్లీషు మాటల్లో పెట్టింది. లండన్ సంపాదకుడు అది కొట్టేసి, "ఎలాగో బతుకుతున్నాం" అని మార్చాడు.

జోర్యానా ఆదివారం బస్సెక్కి పల్లెకు వెళ్ళి ఆ మార్పేమిటో అవ్వకు చెప్పింది. బీట్‌రూట్ తరుగుతున్న అవ్వ కత్తి పక్కన పెట్టింది.

"ఎలాగో బతికేవి ఎలకలే అమ్మాయ్. నేను ఆవును సాకుతున్నా. నా గుమ్మం విడవలేదు. జాలిపడమని వాణ్ణి నేనడిగానా?"

సంపాదకుడు ఫోనులో మర్యాదగానే మాట్లాడాడు. ఇంగ్లీషులో ఆ క్రియ అలా ఒంటరిగా నిలబడదట. ఏం పట్టుకున్నారని చదివేవాళ్ళు అడుగుతారట.

"అడగనివ్వండి," అంది జోర్యానా.

అలాగైతే అవ్వ పేజీ తీసేస్తామన్నాడు. తీస్తే మిగతా పదీ వెనక్కి తీసుకుంటానని ఫోను పెట్టేసింది. పెట్టాకే తట్టింది: రెండేళ్ళ పని. పైగా ఆ పదిమందినీ అడక్కుండానే అనేసింది. మర్నాడు ఒక్కొక్కరికీ ఫోను చేసి తప్పు ఒప్పుకుంది. తొమ్మిదిమంది సరేనన్నారు. తేనెటీగలు పెంచే హోర్దీ తాత మాత్రం, తన మాటలు అచ్చులో చూసుకోవాలని ఉందన్నాడు. ఆయన్ని బలవంతపెట్టలేదు. ఆ ఒక్కటీ వేసుకోమని లండన్‌కు రాసింది.

పదిహేను రోజులు జవాబు లేదు. పదహారో రోజున పుటలు దిద్దుబాటుకు వచ్చాయి. పదకొండూ ఉన్నాయి. అవ్వ పేజీలో ఆ రెండు మాటలూ ఆమె పెట్టినట్టే ఉన్నాయి. నాలుగుసార్లు చదివితేగాని తనకు పట్టుబడలేదని సంపాదకుడు అడుగున రాశాడు.

అవ్వకు ఆ సంగతి చెబుతూ జోర్యానా, ఇంగ్లీషులో ఆవుకు ఒక మాట, చేతికి ఇంకో మాట వాడవలసి వచ్చిందని కూడా చెప్పింది.

"ఒక్కదానికి అన్ని మాటలా? పాపం, ఎలా నెట్టుకొస్తున్నారో," అని అవ్వ పాలు పితకడానికి లేచింది.