కింది డ్యూటీ

కూతురు అమ్ము బట్టలన్నీ మంచం మీద పోసుకుని, సూర్యప్రకాష్ నేల మీద చతికిలబడి బ్యాగు సర్దుతున్నాడు. బ్యాగు చిన్నది, బట్టలు ఎక్కువ. ఒక చేత్తో నొక్కి పట్టి, రెండో చేత్తో జిప్పు లాగుతూ ఆయాసపడుతున్నాడు. భిలాయిలోని ఆ రిసాలి క్వార్టర్లో ఏప్రిల్ ఎండ అప్పుడే గోడలెక్కింది.

"పాపా, మై బైఠ్ జాఊఁ ఇస్ పే?" దీని మీద కూర్చోనా అని నాన్నని హిందీలో అడుగుతూనే అమ్ము వచ్చి బ్యాగు మీద కూర్చుంది. ఏడేళ్ళ పిల్ల బరువుకే జిప్పు పట్టేసింది.

మనవరాలిని విజయనగరం తీసుకుపోవడానికి వచ్చిన అత్తగారు సీతాలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. అల్లుడు లేవబోయి మంచం కోడు పట్టుకున్నాడు, పట్టు చాలక కూలబడ్డాడు, ఊపిరి బిగించి రెండోసారి లేచాడు.

"చూసినావా బాబూ," అందావిడ. "బ్యాగు సర్దడానికే ఇంత రొప్పుతున్నావు. మొన్న నువ్వు స్నానాలగదిలో పడిపోతే ఈ పసిది పక్కింటికి పరిగెట్టింది. వీధి తలుపు గొళ్ళెం అందకపోతే ఏటయ్యేది?"

గొళ్ళెం దానికి నిజంగానే అందదు. స్టూలు జరుపుకుని తీసిందని పక్కింటి ఛాయాదీదీ ఆస్పత్రిలో చెప్పింది.

భార్య ప్రసూన కామెర్లతో పోయి మూడేళ్ళు. అప్పటినుంచి వంట, పిల్ల జడలు, స్కూలు బస్సు, డ్యూటీ అన్నీ అతని నెత్తినే పడ్డాయి. ప్రసూన ముగ్గురికి ఎంత బియ్యం పోసేదో అంతే పోసి వండేవాడు. తగ్గించడం తెలియక కాదు, చెయ్యాడక. మిగిలింది పారేయలేక తనే తినేవాడు. పిల్ల వదిలేసిన రొట్టె ముక్క, గిన్నె అడుగున మిగిలిన పప్పు, అన్నీ అతని కడుపులోకే. రోజంతటిలో అతను కదలకుండా కూర్చునేది తినేటప్పుడే. పొట్ట పెరిగింది, దాని వెనకే రక్తపోటు వచ్చింది.

ఒళ్ళు ఇలా కాకముందు అతను ఉక్కు కార్ఖానాలో క్రేను నడిపేవాడు. మిల్లు పైకప్పు కింద పట్టాల మీద కదిలే క్రేను. నిటారు నిచ్చెన ఎక్కి, గాలిలో వేలాడే అద్దాల గదిలో కూర్చోవాలి. వారానికో షిఫ్టు, మూడో వారం రాత్రంతా డ్యూటీ. ఆ వారాల్లో అతని తల్లి తులసమ్మ వచ్చి పిల్ల పక్కన పడుకునేది. ఆవిడా కన్నుమూసిన ఏడాదే, ఎత్తులో పనిచేసేవాళ్ళకు జరిపే పరీక్షలో డాక్టరు అతణ్ణి పైకి పనికిరావన్నాడు. కింద స్టోర్సులో కూర్చోబెట్టారు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేసే డ్యూటీ. పిల్లను ఒంటరిగా పడుకోబెట్టవలసిన అవసరం తప్పింది. ఆ మేలు అతనికి కనిపించలేదు. మిల్లులో అతని బదులు క్రేనెక్కిన తిరుమలరావు అన్న మాటే చెవుల్లో ఉండిపోయింది: "ఏటి సూర్యం, ఇంక నిన్ను కూడా క్రేనే ఎత్తాలేటి?"

"ఒళ్ళు బాగుచేసుకో," అంది సీతాలక్ష్మి. "మళ్ళీ ఆ నిచ్చెనెక్కి క్రేను నడిపే మనిషివి అవు. ఆ రోజు వచ్చి నీ కూతుర్ని నువ్వు తీసుకుపో. నేను అడ్డు రాను."

"మాటేనా అత్తా?"

"మాటే బాబూ. నా కూతురే లేదు, నీతో నాకు పంతమేటి?"

దుర్గ్ స్టేషన్లో విశాఖ బండి కిటికీ ఊచల్లోంచి అమ్ము చెయ్యి బయటికి చాపింది. "పాపా, పత్లా హోకే ఆనా," అంది. సన్నబడి రమ్మంది. బండి కదిలితే నాలుగడుగులు పక్కనే పరిగెత్తాడు. ఐదో అడుగుకి ఊపిరి అందలేదు.

మర్నాడే మొదలుపెట్టాడు. తెల్లారకుండా లేచి, రిసాలి రోడ్ల మీద నడక, తర్వాత పరుగు. మొదటి వారం మోకాళ్ళు వాచాయి. కుక్కలు వెంటబడ్డాయి. తిరుమలరావు క్వార్టరు కూడా ఆ దారిలోనే. అతను పాత సైకిలెక్కి పక్కనే వచ్చేవాడు.

"తొందరగా రా సూర్యం. ఆ కర్రపట్టుకున్న ముసలాయన నిన్ను దాటీసి పాలు కూడా కొనుక్కొచ్చీసినాడు."

"నోరు మూసుకుని తొక్కు అన్నా."

"నేను తొక్కితే నువ్వు కనపడవు కదరా."

ఒక గ్లాసు బియ్యం చాలని తెలిసింది. చారు, ఆకుకూర, రెండు రొట్టెలు. సాయంత్రం స్టేడియం చుట్టూ మళ్ళీ పరుగు. జడలు వేసే పొద్దున్నలు, హోంవర్కు చేయించే సాయంత్రాలు అన్నీ ఇప్పుడు ఖాళీ. వాటన్నిట్లోనూ పరుగే నింపాడు. పిల్ల దగ్గర లేకపోబట్టే ఒళ్ళు తగ్గుతోందని అతనికి తెలుసు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా పరిగెత్తేవాడు.

ఎండలు పోయి వానలొచ్చాయి. స్కూళ్ళు తెరిచారు. ఒళ్ళు ఇంకా పూర్తిగా దారికి రాలేదు. "ఏడాది పాడవకుండా ఇక్కడే జాయిను చేసీసినాను, నువ్వొచ్చాక చూద్దాం," అంది సీతాలక్ష్మి ఫోనులో. మొదట్లో అమ్ము రోజూ అడిగేది, ఎంత తగ్గావని. దసరా నాటికి అడగడం మానేసింది. హిందీ కూడా మానేసింది. ఓసారి "పాపా" బదులు "నాన్నా" అంది. అతనికి వేరే ఎవరినో పిలిచినట్టనిపించింది.

చలికాలానికి పాత ప్యాంట్లు తాడు కట్టినా నిలవడం లేదు. మళ్ళీ పరీక్షకు పేరిచ్చాడు. ఆ సంగతి విని తిరుమలరావు క్యాంటీన్లో పక్కకి పిలిచాడు.

"ఓ మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఒళ్ళు తగ్గినావు, సంతోషం. పరీక్ష దేనికిరా? ఆ కింది డ్యూటీయే ఉంచీసుకో. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు. ఆడపిల్లని పెంచుకునేవాడికి ఇంకేటి కావాలి?"

"నా క్రేనులో నువ్వు కూర్చుంటున్నావు కదన్నా. దిగబుద్ధి కావడం లేదేటి?"

నవ్వుతూనే అన్నాడు. తిరుమలరావు నవ్వలేదు. టీ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి సైకిలు రాలేదు.

డాక్టరు గుండె విని, నాడి చూసి, మెట్లెక్కించి దింపించి, భుజం తట్టాడు. ఆ వారమే సూర్యప్రకాష్ నిచ్చెన ఎక్కాడు. మధ్యలో ఆగలేదు. అద్దాల గదిలో కూర్చుని కిందికి చూస్తే, ఎర్రగా కాలిన ఉక్కు పట్టీలు పాముల్లా జారిపోతున్నాయి. ఇంతకాలానికి తను తనలాగే ఉన్నాడనిపించింది. అత్తగారు అడిగింది ఇదే, తెచ్చి చేతిలో పెట్టినట్టే అనుకున్నాడు.

విజయనగరంలో అమ్ము గుమ్మంలోనే ఆగిపోయింది. అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వు మా నాన్నలాగ లేవు," అని, కాసేపయ్యాక వచ్చి చేతివేలు పట్టుకుంది.

సీతాలక్ష్మి అన్నం వడ్డిస్తూ అతని ఒళ్ళు పరకాయించి చూసింది. తర్వాత అడిగింది.

"బాగున్నావు బాబూ. క్రేను ఎక్కినావా?"

"ఎక్కాను అత్తా. మొన్ననే."

"మరి ఏ షిఫ్టు?"

అతను ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"మూడూనూ," అన్నాడు.

"రాత్రి డ్యూటీకి నువ్వు వెళ్తే పిల్ల దగ్గరెవరుంటారు? అప్పుడంటే మీ అమ్మ ఉంది."

"ఛాయాదీదీ..."

"ఆవిడకి పిల్లలు లేరా, మొగుడు లేడా? ఓ రోజు ఉంటాది, రెండ్రోజులుంటాది."

"నువ్వే కదా అత్తా, క్రేనెక్కి రమ్మన్నావు."

"అన్నాను," అందావిడ. "నాకు షిఫ్టుల సంగతి ఏటి తెలుసు బాబూ? నీకు తెలుసు కదా."

అమ్ము పళ్ళెంలోంచి తలెత్తకుండా తింటోంది. వెళ్దామా అని అతను అడిగితే, "రాత్రి నేనొక్కదాన్నే పడుకోను నాన్నా," అంది. ఏడవలేదు, అలగలేదు. కొత్తగా పట్టుబడిన తెలుగులో ఉన్న సంగతి చెప్పింది.

అతను ఒక్కడే తిరిగొచ్చి, పెద్దసారు గదికి వెళ్ళి, మళ్ళీ కిందికి వేయమని బతిమాలాడు. "ఫిట్ ఆద్మీ కో నీచే కైసే బిఠాఊఁ?" అన్నాడాయన, ఒళ్ళు బాగున్నవాణ్ణి కింద ఎలా కూర్చోబెట్టనని, నిజంగానే అర్థం కానట్టు. స్టోర్సులో అతని కుర్చీలో నడుం విరిగిన ఇంకొకాయన కూర్చున్నాడు. సూర్యప్రకాష్ కొన్నాళ్ళు ముగ్గురి బియ్యం పోసి వండుకున్నాడు. మళ్ళీ లావెక్కితే కిందికి దించుతారని ఆశ. రెండో ముద్దకే కడుపు అడ్డం తిరిగేది. పరుగులు నేర్చిన ఒళ్ళు ఇక మాట వినలేదు.

ఇప్పటికీ క్రేను నడుపుతున్నాడు. ఏటా పరీక్షలో డాక్టరు మెచ్చుకుంటాడు, ఈ వయసులో ఇలాంటి ఒళ్ళు అరుదంటాడు. సెలవు దొరికినప్పుడు అతనే విజయనగరం వెళ్ళి, రెండ్రోజులుండి వస్తాడు. అమ్ము అక్కడే ఇంటరుకొచ్చింది.

అమ్ము బండెక్కింది రెండువేల పదిహేడు ఏప్రిల్ నెలలో. ఆ తర్వాత భిలాయి రాలేదు.