షీనా ఆడని సీజన్

మార్చి నెలలో షీనా మోకాలి లిగమెంటు తెగింది. ఏప్రిల్ మొదటి వారంలో నార్వే విమానం ఎక్కాల్సిన పిల్ల. వీసా వచ్చింది. యూనివర్సిటీలో ఏడాది సెలవు పెట్టింది. వాళ్ళమ్మ సువర్ణకుమారి షాపులన్నీ గాలించి ఉన్ని బనియన్లూ మేజోళ్ళూ కొని పెట్టెలో సర్దింది. ఆ పెట్టె హాల్లో తలుపు పక్కనే ఉంది. ఆస్పత్రి నుంచి చంకకర్రలతో ఇంటికొచ్చిన షీనా మొదట చేసిన పని, ఒక కర్ర ఎత్తి ఆ పెట్టెను ఒక్కటి బాదడం.

షీనాకి ఇరవయ్యేళ్ళు. తొమ్మిదేళ్ళప్పుడు బాపట్ల నుంచి అమ్మానాన్నలతో మెల్‌బోర్న్ వచ్చింది. ఆ ఊరి శివారు క్రాన్‌బర్న్‌లో కాపురం. నాన్న రాయప్ప బస్సు నడుపుతాడు, అమ్మ ముసలివాళ్ళను చూసుకునే ఏజ్డ్ కేర్‌లో నర్సు. వచ్చిన కొత్తలో స్కూల్లో పలకరించేవాళ్ళు లేక ఫుట్‌బాల్ ఆడే పిల్లల మధ్యకు వెళ్ళి నిలబడింది. బంతి తన దగ్గరికొచ్చింది, తన్నింది. ఆ తన్ను చూసి టెస్ అనే ఎర్రజుట్టు పిల్ల "నువ్వు మా టీమ్" అంది. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకే క్లబ్బులో, వెనక లైన్లో పక్కపక్కన ఆడారు. టెస్ ముందుకు దూసుకుపోయి బంతి లాక్కునే రకం. ఆమె వెనక మిగిలే ఖాళీని కాచుకోవడం షీనా పని.

నార్వేలో హావ్‌నెస్ అని చేపల రేవు ఒకటి. ఆ ఊరి ఆడపిల్లల జట్టు అక్కడి రెండో అంచె లీగులో ఆడుతుంది. ఆ జట్టు కోచ్ మారిట్ షీనా ఆట వీడియోలో చూసి, సీజనంతా ఇక్కడే ఉండి ఆడు, ఒక గది ఇస్తాం, స్కూల్లో చిన్న ఉద్యోగం చూపిస్తాం అంది. రాయప్ప ఆ సంగతి చర్చిలో మైకు పట్టుకుని మరీ చెప్పాడు.

వెళ్ళేముందు ఆఖరి ప్రాక్టీసు మ్యాచ్. క్లబ్బుకు రెండు గ్రౌండ్లున్నాయి. దీపాలూ మెట్లూ ఉన్న ముందు గ్రౌండు మగవాళ్ళది, వెనకది ఆడపిల్లలది. వెనక గ్రౌండులో నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ గుంట ఒకటి మూత విరిగి ఏడాదిగా అలాగే ఉంది. పైన గడ్డి మొలిచి గుంట కనపడేది కాదు. షీనా వెనక్కి పరిగెత్తుతూ తిరగబోయింది. పాదం గుంటలో ఇరుక్కుంది, ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. లోపల ఏదో ఫట్మన్న చప్పుడు తనకే వినిపించింది.

ఏప్రిల్లో ఆపరేషన్ అయింది. ఆస్పత్రి మంచం మీద ఫోను తిప్పుతుంటే ఒక ఫోటో కనపడింది. తెల్లటి మంచు గుట్టల ముందు, హావ్‌నెస్ నీలం చొక్కా పట్టుకుని నవ్వుతున్న ఎర్రజుట్టు పిల్ల. టెస్.

మారిట్ ఇంకెవరైనా ఉన్నారా అని అడిగిందట, ఇక్కడి కోచ్ టెస్ పేరు చెప్పిందట. ఆ సంగతి షీనాకు ఎవరూ చెప్పలేదు. టెస్ కూడా చెప్పలేదు. అంతకు ముందు వారమే ఇంటికి పూలూ చాక్లెట్లూ పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చుంది. అప్పటికి టికెట్ కొనే ఉంటుంది. షీనా ఫోను దిండు కింద పెట్టేసింది.

ఆ విధంగా అటు నార్వేకూ వెళ్ళక, ఇటు యూనికీ వెళ్ళక షీనా ఇంట్లో పడింది. పగలంతా మోకాలికి ఐసు గడ్డలు. ఆదివారం చర్చికి తీసుకెళ్తే చివరి వరసలో కాలు చాపుకుని కూర్చునేది. అక్కడ లాజరస్ అంకుల్ వచ్చి తల మీద చెయ్యి పెట్టి, "గాడ్స్ ప్లాన్ అమ్మా. అంత దూరం వెళ్ళకుండా ఆపాడంటే ఏదో రీజన్ ఉంటది" అన్నాడు.

"దేవుడు ఆపలేదంకుల్, గుంట ఆపింది" అంది షీనా.

"షీనా!" అంది సువర్ణకుమారి.

"నిజమే కదా మమ్మీ. ఆ గుంట దేవుడు తవ్వాడా?"

ఆ రోజు నుంచి కూటం అయ్యాక భోజనాలకు కూర్చోవడం మానేసింది. బయట కార్లో కూర్చుని ఫోనులో ముందురోజు హావ్‌నెస్ ఆడిన మ్యాచ్ చూసేది. చూడకూడదనుకునేది, చూసేది. మొదటి ఆటలో ఓడారు. రెండోదీ మూడోదీ కూడా ఓడారు. టెస్ ఎప్పటిలాగే ముందుకు దూసుకుపోయేది, వెనక ఖాళీ అలాగే ఉండిపోయేది. అవతలి జట్టు పిల్లలు ఆ ఖాళీలోంచే వచ్చి గోలు కొట్టేవాళ్ళు. గోలు పడిన ప్రతిసారీ షీనా ఒంటరిగా కార్లో కూర్చుని "బాగా అయింది" అనేది. మే నెలలో నార్వే జాతీయ దినానికి ముందురోజు ఆటలో ఊరంతా జెండాలు పట్టుకుని వచ్చింది. అయిదు గోలులు తిన్నారు. ఆ రోజు షీనా పగలబడి నవ్వింది.

ఆమెను అన్నిటికన్నా మండించింది అక్కడి నేల. ఆరు నెలలు మంచు కింద ఉండే ఊళ్ళో గ్రౌండు బల్లలా చదునుగా ఉంది. మంచు తోసేసి మరీ శుభ్రం చేశారు. అదే గ్రౌండులో ఆడవాళ్ళూ ఆడతారు, మగవాళ్ళూ ఆడతారు.

జూన్‌లో టెస్ ఫోన్ చేసింది. "నాకు ఏం చెయ్యాలో తెలియట్లేదు షీనా. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టేలా ఉన్నారు. నువ్వు మ్యాచ్‌లు చూస్తున్నావా? నేనేం తప్పు చేస్తున్నాను?"

"చూట్టంలేదు" అని షీనా పెట్టేసింది.

ఫిజియో దగ్గరికి రాయప్పే తీసుకెళ్ళేవాడు. ఒకరోజు వెళ్తుంటే దారిలో క్లబ్బు వచ్చింది. గేటుకు పెద్ద బ్యానరు కట్టి ఉంది. ఆడవాళ్ళ ప్రపంచ కప్పు మన దేశానికి వస్తోంది, ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు మన క్లబ్బు అండ, అని. కింద క్లబ్బు ప్రెసిడెంట్ గ్రెగ్ ఫోటో.

"ఆ గుంట పూడ్చారా డాడీ?"

రాయప్ప అద్దం సర్దాడు. క్లబ్బు కమిటీలో అతనూ ఉన్నాడు. శనివారం పొద్దున్నే వెళ్ళి గ్రౌండుకు సున్నం గీతలు గీసేది అతనే.

"పూడ్చలేదా?"

"చెప్పానమ్మా. నీకు దెబ్బ తగలకముందే చెప్పాను గ్రెగ్‌కి. రెండు మూడుసార్లు చెప్పాను. చూద్దాం రే, చూద్దాం రే అన్నాడు." క్లబ్బులో అందరూ రాయప్పను రే అనే పిలుస్తారు.

షీనా తండ్రి వైపు తిరిగింది. "ముందే చెప్పావా? మరి నాకెందుకు చెప్పలేదు? ఇప్పుడు నీ కూతురి కాలు పోయింది కదా, ఇప్పుడైనా గట్టిగా అడగవా?"

"గొడవెందుకు తల్లీ. ఆ కమిటీలోకి మనవాళ్ళనెవర్నీ ఇంతవరకు రానీలేదు. నన్ను పిలిచి కూర్చోబెట్టారు. బార్బెక్యూ పెట్టినా పిలుస్తారు. ఇప్పుడు లేచి మాట్టాడితే, వీడొచ్చి మనమీదే కేసు పెడతన్నాడు అనుకోరా?"

"అనుకోనీ!"

"నీకు తెలీదమ్మా."

"స్టాప్ ద కార్, డాడీ."

"షీనా..."

"ఐ సెడ్ స్టాప్!"

రాయప్ప ఆపాడు. షీనా దిగి, కర్ర ఊతంతో, ఫిజియో దాకా కుంటుకుంటూ నడిచింది. అతను కారు మెల్లగా వెనకే నడుపుకుంటూ వచ్చాడు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

జులైలో షీనా మిగతా సెలవు రద్దు చేసుకుని మళ్ళీ యూనికి వెళ్ళసాగింది. ప్రపంచ కప్పు కూడా వచ్చింది. ఊరంతా పచ్చ చొక్కాలు. లెక్చర్ మధ్యలో కూడా గోలుల గురించే మాటలు. అందరూ షీనాను పట్టుకుని "నువ్వు కూడా ఆడతావట కదా" అనేవాళ్ళు. ఆమె "ఆడేదాన్ని" అనేది. గ్రెగ్ లోకల్ పేపర్లో ఇంటర్వ్యూ ఇచ్చాడు. మా క్లబ్బు నుంచి నార్వే లీగుకు పిల్లను పంపామని గొప్పగా చెప్పాడు. షీనా ఆ పేజీ చింపి ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. చాల్లేదు. బుట్ట తీసుకెళ్ళి బయట పెద్ద డబ్బాలో కుమ్మరించి వచ్చింది.

సెప్టెంబర్ చివర క్లబ్బులో బహుమతుల రోజు పెట్టారు. షీనాకు 'ధైర్యశాలి' బహుమతి ఇస్తామని కబురొచ్చింది. రానంది. తర్వాత ఏమనుకుందో, వస్తానంది. సువర్ణకుమారి ఏనాడూ గ్రౌండు మొహం చూసింది కాదు. ఆడపిల్ల నిక్కరేసుకుని ఆడటం ఆమెకు ఇష్టం లేదు. ఆ రోజు మాత్రం డ్యూటీ నుంచి అట్నుంచటే, నర్సు యూనిఫాంలోనే వచ్చింది.

మధ్యాహ్నం ఎండలో కుర్చీలు వేశారు. సాసేజీలు కాలుతున్నాయి. గ్రెగ్ షీనా భుజం మీద చెయ్యి వేసి, "ఈ అమ్మాయి దురదృష్టానికి తలవంచలేదు" అంటూ కప్పు చేతికిచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. షీనా కప్పు బల్ల మీద పెట్టి మైకు తీసుకుంది.

"ఇది దురదృష్టం కాదు. వెనక గ్రౌండులో ఒక గుంట. ఏడాదిన్నరగా మూత లేదు. ఇవాళ పొద్దున్న కూడా చూసి వచ్చాను, అలాగే ఉంది. ముందు గ్రౌండులో ఉంటే ఒక్క వారం కూడా ఉంచేవాళ్ళు కాదు."

గ్రెగ్ ముఖం ఎర్రబడింది. నవ్వడానికి ప్రయత్నించాడు. "షీనా, డార్లింగ్, నీ బాధ మాకు అర్థమవుతుంది. కానీ ఆ గుంట సంగతి మాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే చేసేవాళ్ళం కదా."

షీనా తండ్రి వైపు చూసింది. రాయప్ప మూడో వరసలో కూర్చున్నాడు. చేతిలో కాగితం ప్లేటు ఉంది. తల దించుకుని ఆ ప్లేటులోకే చూస్తున్నాడు. ఆమెకు కళ్ళలో మంట పుట్టింది. ఆ క్షణంలో గ్రెగ్ మీద కన్నా తండ్రి మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

"ఎక్స్‌క్యూజ్ మీ!"

సువర్ణకుమారి లేచి నిలబడింది. బాపట్ల యాస పోని ఇంగ్లీషులో, ఆస్పత్రి వరండాలో మాట్లాడినంత గట్టిగా మాట్లాడింది. "మై హస్బెండ్ టోల్డ్ యూ. దెబ్బ తగిలాక కాదు, జనవరి ఎండల్లోనే చెప్పాడు. ఇంటికొచ్చి నాతో చెప్పాడు, గ్రెగ్ చూద్దామన్నాడని. నా ముసలివాళ్ళు జారి పడితే నా ఉద్యోగం పోతుంది మిస్టర్ గ్రెగ్. నా కూతురు పడితే నీకు ఏం పోయింది? నువ్వు కప్పు ఇస్తున్నావు!" ఆపై మొగుడి వైపు తిరిగింది. తెలుగులోకి దిగింది. "లేవండి! ఏం చూస్తన్నారు ఆ ప్లేట్లోకి? కూరేమన్నా మాట్టాడుద్దా? లెగవండి ముందు!"

రాయప్ప లేచాడు. ప్లేటు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. "ఐ టోల్డ్ యూ, గ్రెగ్," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "ఐ టోల్డ్ యూ. యూ సెడ్, వీ విల్ సీ, రే. మై నేమ్ ఈజ్ నాట్ రే. రాయప్ప."

ఆడపిల్లల జట్టంతా ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. కొందరు తల్లులు కూడా లేచారు. గ్రెగ్ కమిటీలో మాట్లాడుకుందాం అంటూ గొణిగాడు. ఎవరూ కూర్చోలేదు.

ఆ మర్నాడే ఒక ప్లంబర్ వచ్చాడు. గుంటకు కొత్త మూత బిగించి, చుట్టూ మట్టి దిమ్మిస కొట్టి వెళ్ళాడు. ఒక్క ఆర్వో, అంటే ఒక్క మధ్యాహ్నం పని. ఆ మాట విని షీనా సంతోషిస్తుందనుకున్నాడు రాయప్ప. ఆమె గోడకు తల ఆనించింది. "ఒక్క ఆర్వో డాడీ" అంది. "నా ఏడాదంతా పోయింది. ఒక్క ఆర్వో!"

"అవునమ్మా" అన్నాడు రాయప్ప. వారం తిరక్కుండా కమిటీలోంచి తప్పుకున్నాడు. ఆడపిల్లల గ్రౌండుకు గీతలు గీయడం మాత్రం మానలేదు.

ఆ వారమే షీనా టెస్‌కు ఫోన్ చేసింది. హలో కూడా అనలేదు.

"నువ్వు ముందుకెళ్ళకు. వినపడుతోందా? అక్కడ నీ వెనక ఎవరూ లేరు. పదేళ్ళు నీ వెనక నేనున్నాను కాబట్టి నీకు తెలియలేదు. నిలబడు. బంతి నీ దగ్గరికి వచ్చేదాకా నిలబడి ఉండు."

అవతల టెస్ ఏడుస్తోంది. "చూస్తున్నావన్నమాట."

"ప్రతి మ్యాచ్ చూశాను. ప్రతిదానిలో నిన్ను తిట్టాను. ఇప్పుడు కూడా తిడుతున్నాను. నిలబడు!"

టెస్ నిలబడింది. అక్టోబర్లో హావ్‌నెస్ రెండు ఆటలు గెలిచింది, ఒకటి సమం చేసింది. నవంబర్లో చివరి ఆట. సమం చేసినా చాలు, లీగులో నిలుస్తారు. షీనా ఫలితం ముందే తెలియకుండా ఫోను ముట్టుకోకుండా ఉండి, ఆదివారం పొద్దున్న టీవీలో పెట్టింది. రాయప్ప, సువర్ణకుమారి అటూ ఇటూ కూర్చున్నారు. టెస్ గోడలా నిలబడింది. ఆట ముగియబోతుండగా బంతి ఎవరి కాలికో తగిలి దారి తప్పి గోలులో పడింది. టెస్ తప్పు కాదది. హావ్‌నెస్ కింది లీగుకు పడిపోయింది.

షీనా లేచి రిమోట్ సోఫా మీదికి విసిరికొట్టింది. "నేనుంటే ఆపేదాన్ని!"

"ఆపేదానివే" అంది సువర్ణకుమారి. ఆటలో ఏది ఏమిటో ఆమెకు సగం కూడా తెలియదు.

డిసెంబర్లో టెస్ తిరిగొచ్చింది. షీనా అప్పటికి మెల్లగా పరిగెత్తుతోంది. ఇద్దరూ వెనక గ్రౌండులో కలిశారు. టెస్ దగ్గరికి వచ్చి కౌగిలించుకోబోతే షీనా ఒక అడుగు వెనక్కి వేసింది.

"నువ్వు వెళ్ళినందుకు కాదు. పిలిస్తే ఎవరైనా వెళ్తారు. పూలు పట్టుకొచ్చి నా మంచం పక్కన కూర్చుని కూడా చెప్పలేదు. అది నేను మర్చిపోను."

"భయమేసింది" అంది టెస్. "నీ కోపం చూస్తే భయం."

"ఇప్పుడు కూడా ఉంది కోపం."

"మారిట్ అడిగింది, వచ్చే ఏడాది ఇద్దర్నీ రమ్మని. కింది లీగే. వస్తావా?"

షీనా టెస్ కాళ్ళ దగ్గరున్న బంతి వైపు చూసింది. డాక్టరు మార్చి దాకా ఆగమన్నాడు. యూనిలో మళ్ళీ సెలవడగాలి. మమ్మీ ఏమంటుందో తెలియదు. ఈ టెస్‌తో ఒకే గదిలో ఉండగలదో లేదో అదీ తెలియదు.

"ముందు బంతి ఇటు తన్ను" అంది. "మెల్లగా కాదు. మామూలుగా తన్ను."